కట్టె ఊరికే రాదు – కూలి జనం పొయ్యి లెక్క

"కంపే గదా, కొట్టుకోండి, ఊరికే వస్తుంది" అని భూస్వామి అంటాడు, ఆఫీసరూ అంటాడు. వడమాలపేట చుట్టుపట్ల పల్లెల్లో కూలి జనంతో కూర్చొని లెక్క వేస్తే సంగతి వేరుగా ఉంది. పొద్దున్నే పోయి మోపు కట్టుకొని ఇల్లు చేరేసరికి ఒక పూట గడిచిపోతుంది. ఆ పూట కూలి పోయినట్టే. అంటే ఏరుకొచ్చిన మోపుకూ ధర ఉంది. ఆ ధర చెల్లించేది ఎక్కువగా మన ఆడవాళ్లు.

ఈ బాధ నిన్నటిది కాదు. పుత్తూరు, రేణిగుంట మీదుగా పోయే మద్రాసు–బొంబాయి రైలు మార్గం 1871లో కలిసింది. మొదటి రోజుల్లో మద్రాసు రైల్వే ఇంజన్లు తిన్నది కట్టెలే. తెల్లదొరలు అడవులను అట్లా నరికించి, 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి కొండలకు హద్దురాళ్లు నాటారు. రైలింజనుకు అడ్డంరాని చట్టం కూలివాడి మోపుకు అడ్డమొచ్చింది. స్వరాజ్యం వచ్చాక 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు నరికితే నేటికీ కేసే.

పైగా మన పక్కనే శేషాచలం ఉంది, అందులో ఎర్రచందనం ఉంది. 2015 ఏప్రిల్ 7న ఆ అడవిలో పోలీసు కాల్పులకు 20 మంది తమిళనాడు కూలీలు బలయ్యారు. కూలికి చెట్టు నరికేవాడు చచ్చాడు, దుంగలు అమ్ముకొనే పెద్దమనిషి మేడలోనే ఉన్నాడు. అందుకే చెబుతున్నాం: ఎంత ఇబ్బందైనా రిజర్వు అడవిలోకి గొడ్డలి పట్టుకొని పోవద్దు.

మరి కట్టె కొనాల్సి వస్తే ఎట్లా కొనాలి? పచ్చికట్టె తూకమేస్తే నీళ్లు కొన్నట్టే. 100 కిలోల పచ్చికట్టెలో 40 కిలోల దాకా నీరే ఉండొచ్చు. ఎండిన కట్టె చివర్లు పగుళ్లిచ్చి ఉంటాయి, బెరడు ఊడి వస్తుంది, రెండు కట్టెలు కొడితే ఖంగున మోగుతాయి. సర్కారు తుమ్మ, సవక నిప్పు గట్టిగా నిలుస్తుంది. మునగ కట్టె భగ్గుమని ఆరిపోతుంది. గన్నేరు మాత్రం పొయ్యిలో పెట్టనే రాదు, దాని పొగ విషం. ఎండాకాలంలో కొని, నేలకు తగలకుండా రాళ్ల మీద పేర్చి, కార్తీక మాసం వానలకు తడవకుండా కప్పి పెట్టుకోవాలి. ఒక్క ఇంటికి అంత డబ్బు ఒకేసారి రాదు. పది ఇండ్లవాళ్లు కలిసి ఒక ట్రాక్టరు మాట్లాడుకొని, కాటా మీద తూకం చూసుకొని పంచుకోవాలి. చిల్లరగా మోపు మోపు కొనేవాడే ఎక్కువ నష్టపోతున్నాడు.

"గ్యాసు ఇచ్చాం గదా" అంటారు పాలకులు. 1999లో దీపం, 2016లో ఉజ్వల, 2024లో దీపం–2 వచ్చాయి. కనెక్షన్లు అందాయి, కాదనం. ఇంకో లెక్క కూడా చూడండి. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడి నూటికి 10, 15 పాళ్లే గిన్నెకు తగులుతుంది. గ్యాసు పొయ్యిలో 60 పాళ్ల దాకా తగులుతుంది. ఆ లెక్కన 14.2 కిలోల సిలిండరు చేసే వంటకు సుమారు 200 కిలోల ఎండుకట్టె కావాలి. మీ ఊళ్లో కిలో కట్టె ధర ఎంతో 200తో హెచ్చవేసి చూడండి, చాలాచోట్ల గ్యాసే చౌక అని తేలుతుంది. అయినా కట్టె ఎందుకు కొంటున్నాం? కూలి ఏ రోజుకారోజు వస్తుంది, సిలిండరుకు మాత్రం మొత్తం డబ్బు ఒక్కసారే తియ్యాలి. దీపం–2 మొదలుపెట్టినప్పుడు కూడా ముందు మనం కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది అన్నారు. ఏడాదికి మూడు, అంటే నాలుగు నెలలకొకటి. ఆ సిలిండరు అయిపోయినాక మిగిలిన రోజులు ఏం పెట్టి వండాలి? తిరుమలలో లడ్డు పోటుకు 1984లోనే కట్టె పోయి గ్యాసు వచ్చింది. దేవుడి వంటశాలకు పొగ తప్పి నలభై ఏళ్లు దాటింది. కూలి తల్లి కండ్లకు ఇంకా తప్పలేదు.

మామిడి తోటల సంగతీ చెప్పుకోవాలి. కొమ్మలు కొట్టించినప్పుడు "కట్టె తీసుకుపోండిలే" అని కూలి తగ్గించే తోటవాళ్లు ఉన్నారు. కూలి కూలే, కట్టె కట్టే. పనిలో దిగకముందే రెండూ తేల్చుకోవాలి.

అందుకని మన కోర్కెలు ఇవి. చెరువు గట్ల మీద, పోరంబోకుల్లో పెరిగిన తుమ్మ కంపను బొగ్గు కాంట్రాక్టరుకు పాట పెట్టేముందు ఊరి కూలి కుటుంబాలకు వాటా ఇవ్వాలి. 5 కిలోల చిన్న సిలిండరు రేషన్ షాపులోనే దొరకాలి. ముందు డబ్బు కట్టే పద్ధతి పూర్తిగా పోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో పుల్లలు, మొద్దులు కూడా చేర్చింది. గిరిజనులకే కాదు, మూడు తరాలుగా అడవిని నమ్ముకొని బతికే ఇతరులకూ ఆ చట్టం వర్తిస్తుంది. ఆ దరఖాస్తు మొదట పోవాల్సింది గ్రామసభకే.

ఈసారి గ్రామసభకు పోయేముందు ప్రతి వాడలో ఒక కాగితం రాయండి. ఏ ఇంటికి నెలకు ఎన్ని మోపులు, ఎన్ని పూటల కూలి పోయింది, కట్టె కొనేదానికి ఎంత ఖర్చయింది అని అందులో ఉండాలి. ఆడవాళ్ల చేతనే చదివించండి. ఆ లెక్క సభ పుస్తకంలో రాసేదాకా లేవద్దు.