పెరట్లో చిల్లుల బంతి... అమ్మలకూ ఓ ఆట!

ఒక్క నిమిషం! చేతిలో పని పక్కన పెట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పండి. మీరు ఆఖరుసారి బంతి పట్టుకున్నది ఎప్పుడు? బాబు మంచం కిందకి దొర్లించిన బంతిని చీపురుతో బయటికి లాగడం లెక్కలోకి రాదు సుమండీ. ఆడటానికి పట్టుకోవడం!

చాలామందికి బడి రోజులే గుర్తొస్తాయి. సాయంత్రం బళ్ళో టెన్నికాయిట్, త్రోబాల్, ఇంటికొస్తే ఏడుపెంకులాట... రెండు జడలూ ఎగిరిపడేలా ఎంత ఆడాం! ఓణీ వేసిన రోజో, పెళ్ళి కుదిరిన రోజో ఆ ఆట ఆగిపోయింది. చాలామందికి "ఇక ఆడొద్దు" అని ఎవరూ చెప్పలేదు కూడా. మనమే మానేశాం. మగవాళ్ళ సంగతి చూడండి. నడివయసు వచ్చినా సరే, ఆదివారం తెల్లారితే బ్యాట్ చంకన పెట్టుకుని మైపాడు ఇసుకలోకి పోతారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి మనం పులుసు వేడి చేసి పెడతాం!

"మాకు చోటేదీ? తీరికేదీ?" అంటారా? చోటు సంగతికొస్తే పెరడు చాలు. పెరట్లోనే పుట్టి దేశమంతా పాకిన ఒక ఆట కథ చెబుతాను, వినండి.

వంటింటి బల్ల దగ్గర పుట్టిన బంతి

అది 1953. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఫెయిర్‌ఫీల్డ్ అనే ఊరు. అక్కడ డేవిడ్ ములానీ అనే ఆయనకి పన్నెండేళ్ళ కొడుకున్నాడు. వాడికి బేస్‌బాల్ పిచ్చి. మన క్రికెట్‌లాగే అదీ కర్రతో బంతిని కొట్టే ఆటే. అసలు బంతితో పెరట్లో ఆడితే చుట్టుపక్కల కిటికీ అద్దాలు మిగలవు గదా! అందుకని వాడూ, వాడి స్నేహితుడూ ఓ చిన్న ప్లాస్టిక్ గోల్ఫ్ బంతి, చీపురు కర్ర పట్టుకుని ఆడేవాళ్ళు. ఆ తేలిక బంతిని మెలితిప్పి వెయ్యబోయి, వెయ్యబోయి పిల్లవాడికి చెయ్యి నొప్పి పట్టుకుంది.

తండ్రికి అప్పటికే వ్యాపారం దెబ్బతిని ఉంది. అయినా కొడుకు చేతిని చూసి ఊరుకోలేకపోయాడు. అత్తరు ప్యాకింగ్‌కి వాడే గుండ్రటి ప్లాస్టిక్ డొప్పలు దగ్గర్లోని ఫ్యాక్టరీ నుంచి తెచ్చాడు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, బ్లేడుతో రకరకాలుగా చిల్లులు కోశాడు. ఒక సగానికి ఎనిమిది పొడవాటి చిల్లులు కోసి, రెండో సగాన్ని అలాగే వదిలేసిన బంతి పనికొచ్చింది. మణికట్టు విరిచి వెయ్యనక్కర్లేకుండానే అది గాల్లో వంకర తిరిగింది! దాని పేరే విఫిల్ బాల్. కొట్టబోయి తప్పిపోవడాన్ని ఆ పిల్లలు 'విఫ్' అనేవాళ్ళట, అందులోంచి వచ్చిందీ పేరు. మొదట్లో దాన్ని 49 సెంట్లకి అమ్మారు.

పరుగెత్తక్కర్లేని ఆట

మనకి పనికొచ్చే సంగతి ఇక్కడుంది. ఈ ఆటలో పరుగు లేదు! బంతి ఎంత దూరం పడిందో చూసి ఒకటో, రెండో, మూడో, నాలుగో లెక్కేసుకోవడమే. 20 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న చోటు సరిపోతుంది. ఇద్దరున్నా ఆడొచ్చు. బంతి బోలుగా, తేలిగ్గా ఉంటుంది గనక మరీ దూరం పోదు, తగిలినా పెద్ద దెబ్బ ఉండదు. చీర కట్టుకున్నవాళ్ళకి ఇంతకన్నా అనువైన ఆట ఉంటుందా చెప్పండి?

పిల్లాడి చెయ్యి నొప్పి కోసం పుట్టిన ఆట అక్కడితో ఆగలేదు. 1980లో ఇండియానా రాష్ట్రంలోని మిషవాకా ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు ఏకంగా ప్రపంచ పోటీ అని పేరు పెట్టి పందేలు మొదలుపెట్టారు. 2009లో మిషిగన్ రాష్ట్రంలోని బ్రైటన్‌లో కొందరు పిల్లలు తమ పెరట్లోనే ఓ లీగు పెట్టుకున్నారు. జట్లకి పేర్లు పెట్టారు, పరుగుల లెక్కలు రాశారు, ఆటలు వీడియో తీశారు. పెద్దవాళ్ళయ్యాక కూడా వదల్లేదు. లీగు అంటే పెద్ద మాటేం కాదండీ! జట్టుకో పేరు, వారానికో రోజు, లెక్క రాసే ఓ నోటుపుస్తకం. ఆ మూడూ ఉంటే పొద్దుపోని ఆట లీగవుతుంది.

"అది పిల్లల సంగతి, మనకెక్కడ కుదురుతుంది" అంటారేమో. ఇజ్రాయెల్‌లో ఓఫ్రా అబ్రమోవిచ్ అనే ఆవిడ 2005లో తల్లుల కోసమే 'మామానెట్' అని లీగు మొదలుపెట్టింది. అది మన త్రోబాల్‌కి అక్కచెల్లెలు లాంటి ఆట. ఒకే బళ్ళో పిల్లల్ని చదివించే అమ్మలు ఒక జట్టు. అది అక్కడ ఊరూరా పాకి, ఇతర దేశాలకీ వెళ్ళింది.

మన తెలుగమ్మాయినే చూడండి. విశాఖపట్నానికి చెందిన స్నేహ దీప్తి 2013లో పదహారేళ్ళకే భారత మహిళా క్రికెట్ జట్టుకి ఆడింది. తర్వాత పెళ్ళి, ఓ పాప. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ మొదలైనప్పుడు ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు ఆమెని తీసుకుంది. తల్లయ్యాక మళ్ళీ బ్యాట్ పట్టింది! మనం లీగుల్లో ఆడక్కర్లేదు, పెరట్లో ఆడినా చాలదూ?

మా వీధి ముచ్చట

ఇప్పుడు మా సంగతి. సముద్రానికి దగ్గరగా ఉండే ఊరు మాది. ఇసక నేల పెరళ్ళు. ఆటసామాన్ల కొట్లో చిల్లుల ప్లాస్టిక్ బంతి, పిల్లల ప్లాస్టిక్ బ్యాటు దొరికాయి. మొదటి ఆదివారం నలుగురమే. నేను, పక్కింటి వదిన, ఎదురింటి పిన్ని, ఆవిడ కోడలు. గోడ మీంచి చూసి నవ్వినవాళ్ళున్నారు. "పనీపాటా లేదా మీకు?" అన్నవాళ్ళూ ఉన్నారు. నెల తిరిగేసరికి పదకొండు మందిమయ్యాం.

అప్పుడు మొదలయ్యాయి పోట్లాటలు! "నేను అవుటు కాలేదు", "నువ్వు గీత దాటావు". ఓ వారం ఆట మానేసి అందరం మూతులు ముడుచుకుని కూర్చున్నాం. ఇలా కాదని నోటుపుస్తకం ఒకటి కొని నియమాలు రాసుకున్నాం. జట్లు రాద్దామని పెన్ను పట్టుకున్నా. చివరింటామె దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా ఆమెని 'బుజ్జిగాడి అమ్మా' అనే పిలుస్తున్నాం. ఆమె పేరేమిటో మాలో ఒక్కరికీ తెలీదు! సిగ్గేసింది. అడిగితే ఆమె వెంటనే చెప్పలేదు. కాసేపాగి, పేరు చెప్పి, "పెళ్ళయ్యాక రేషన్ కార్డులో తప్ప ఎక్కడా రాయలేదమ్మా" అంది. ఆ పేజీలో మొదటి పేరు ఆమెదే రాశాం.

కార్తీకం వానలకి ఆట ఆగింది. ఇక అయిపోయినట్టే అనుకున్నా. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం తలుపు కొట్టిందెవరనుకున్నారు? చేతిలో బంతి పట్టుకుని బుజ్జిగాడి అమ్మ... కాదు కాదు, మా మొదటి పేజీ ఆవిడ!

మీరూ మొదలుపెడతారా? ఇలా చెయ్యండి

• పెరట్లో సున్నంతో మూడు అడ్డగీతలు గీయండి. మొదటి గీత దాటితే ఒకటి, రెండోది దాటితే రెండు, మూడోది దాటితే మూడు. ప్రహరీకి తగిలితే నాలుగు.

• గాల్లో పట్టుకుంటే అవుట్. మూడుసార్లు కొట్టబోయి తప్పినా అవుట్. ఇంటిని బట్టి నియమాలు కలుపుకోండి. వడియాల చాప మీద పడితే అవుట్, తులసికోటకి తగిలితే అవుట్ – ఇవి మావి!

• ఎండ తగ్గాక, సముద్రం మీంచి గాలి తిరిగాక ఆడండి. తేలిక బంతి గనక గాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పుతుంది. అందుకే సగం ఆటలో వైపులు మార్చుకోవాలి.

• గాజుగాజులు తీసి పక్కన పెట్టండి. కొంగు నడుముకి బిగించండి. కుచ్చెళ్ళు రెండంగుళాలు ఎత్తి కట్టుకుంటే కాలికి అడ్డం రావు.

• మొదలుపెట్టేముందు భుజాలు, మోకాళ్ళు అయిదు నిమిషాలు కదిలించండి. మోకాళ్ళ నొప్పులు, రక్తపోటు ఉన్నవాళ్ళు, కొత్తగా పురుడు పోసుకున్నవాళ్ళు డాక్టర్నడిగి దిగండి. ఓ చెంబుడు మజ్జిగ దగ్గరుంచుకోండి.

• నోటుపుస్తకం మరవద్దు. అందులో ఎవరి పేరు వాళ్ళదే ఉండాలి. 'ఫలానావారి భార్య', 'ఫలానావాడి అమ్మ' కుదరదు.

వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులన్నమాట. ఇంటిపని చేస్తూనే ఉన్నాం గదా అంటారా? నిజమే. కానీ ఇంటిపనిలో నవ్వు ఎంతసేపు ఉంటుంది చెప్పండి?

తీరిక మాట మిగిలింది గదూ. దానికి మన నెల్లూరు వంటింట్లోనే ఉపాయం ఉంది. శనివారం రాత్రే మామిడికాయ ముక్కలు వేసి చేపల పులుసు పెట్టెయ్యండి. తెల్లారేసరికి ముక్కకి పులుపు పట్టి రుచి రెట్టింపవుతుంది. మైపాడు నుంచి వచ్చిన వాళ్ళని వాళ్ళే వడ్డించుకు తినమనండి. "ఎక్కడికి?" అని అడిగితే ఏం చెప్పాలో తెలుసుగా?

"పెరట్లోకి... ఈవేళ మా లీగుంది!"