అమ్ముడుపోదన్న సంగీతానికి అందలం

మ్యూనిచ్ చిన్న కంపెనీ రికార్డులకు విమర్శకుల మన్నన

పాటలో హుషారు ఉండాలి. పేరున్నవారు పాడాలి. నాలుగైదు నిమిషాల్లో ముగిసిపోవాలి. రికార్డుల వ్యాపారంలో ఏనాటి నుంచో నడుస్తున్న లెక్క ఇది. ఈ లెక్కను పక్కన పెట్టి, బతికున్న స్వరకర్తలు రాసిన కొత్త శాస్త్రీయ సంగీతాన్ని ఓపికగా రికార్డు చేసి, విమర్శకుల మెప్పునూ శ్రోతల ఆదరణనూ కూడా సంపాదించిన కంపెనీ జర్మనీలో ఒకటుంది. 1969లో మ్యూనిచ్ నగరంలో ప్రారంభమైన ఆ సంస్థ పేరు ఎడిషన్ ఆఫ్ కాంటెంపరరీ మ్యూజిక్. పొడి అక్షరాల్లో ఇ.సి.ఎం. అంటారు.

దీని స్థాపకుడు మాన్‌ఫ్రెడ్ ఐషర్. 1943లో పుట్టిన ఆయన బెర్లిన్‌లో సంగీతం చదువుకున్నారు. మనిషెత్తున నిలబెట్టి వాయించే డబుల్ బాస్ ఆయన వాద్యం. వాయించడం కంటే ఇతరుల వాద్యాన్ని శ్రద్ధగా విని రికార్డు చేయడంలోనే తన బతుకు ఉందని ఆయన నిర్ణయించుకున్నారు. మొదట్లో ఈ కంపెనీ జాజ్ సంగీతం రికార్డులే తెచ్చింది. 1971లో కెనడాకు చెందిన 'కోడా' అనే పత్రిక ఈ రికార్డులను సమీక్షిస్తూ, నిశ్శబ్దం తర్వాత ఇంత అందమైన ధ్వని మరొకటి లేదన్న అర్థంలో మెచ్చుకుంది. కంపెనీ ఆ మాటనే తన నినాదం చేసుకుంది.

పెద్ద కంపెనీ నుంచి చిన్న కంపెనీకి

శాస్త్రీయ సంగీతం అనగానే మనకు కచేరీ గుర్తుకొస్తుంది. వాగ్గేయకారుడి కృతిని గాయకుడు తన మనోధర్మం కొద్దీ పెంచి పాడతాడు. పాశ్చాత్య దేశాల్లో పద్ధతి వేరు. స్వరకర్త ప్రతి స్వరాన్నీ కాగితం మీద రాసి ఇస్తాడు. వాద్యగాళ్ళు రాసింది రాసినట్టు వాయించాలి. బాక్, మోజార్ట్, బీథోవెన్ వంటి పాతవారి రచనలకు ఎన్ని రికార్డులు వచ్చినా కొనేవారు ఉంటారు. చిక్కంతా ఇవాళ రాస్తున్నవారితోనే. వారి పేరు ఎవరికీ తెలియదు. కొనేది ఎందరో చెప్పలేరు. అందుకే పెద్ద కంపెనీలు వెనకాడతాయి.

అమెరికా స్వరకర్త స్టీవ్ రైక్ రాసిన 'మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్' విషయంలో ఇదే జరిగింది. 18 మంది కలిసి దాదాపు గంటసేపు ఆగకుండా వాయించే రచన అది. పెద్ద కంపెనీ అయిన డాయిష్ గ్రామఫోన్ దాన్ని 1976లో రికార్డు చేయించింది కానీ విడుదల చేయలేదు. చివరకు 1978లో ఇ.సి.ఎం. దాన్ని బజారులోకి తెచ్చింది. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. కొత్త శాస్త్రీయ సంగీతానికి ఇది మామూలు సంఖ్య కాదు.

ఇలాంటి సాహసాలకు డబ్బు కావాలి కదా! అమెరికా పియానో విద్వాంసుడు కీత్ జారెట్ 1975 జనవరిలో కొలోన్ నగరంలో చేసిన కచేరీ రికార్డు 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ రాత్రి వేదిక మీదికి తెచ్చిన పియానో సరైనది కాదు. అయినా ఆయన దానిమీదనే అప్పటికప్పుడు కల్పించి వాయించారు. ఒక మడి పంట మరో మడికి విత్తనమైనట్టు, ఇటువంటి రికార్డుల ఆసరాతోనే అమ్ముడుపోతాయో లేదో తెలియనివి కూడా వెలుగు చూశాయి.

కారు ఆపి విన్న సంగీతం

1980 ప్రాంతంలో ఐషర్ ఒకనాడు స్టుట్‌గార్ట్ నుంచి జూరిచ్‌కు కారులో వెళుతున్నారు. రేడియోలో ఏదో సంగీతం వస్తోంది. అటువంటిది అంతకు ముందు ఆయన ఎన్నడూ వినలేదు. రేడియో సరిగా పలకక, కారును దారి మళ్ళించి గుట్ట మీదికి పోనిచ్చి, అక్కడ ఆపి చివరిదాకా విన్నారు. అది ఎవరి రచనో తెలుసుకోవడానికి ఆయనకు ఏడాది పట్టింది. చివరకు తెలిసిన పేరు ఆర్వో పేర్ట్.

పేర్ట్ 1935లో ఎస్టోనియాలో పుట్టారు. బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న దేశం తర్వాత సోవియట్ యూనియన్‌లో భాగమైంది. రేడియోలో సౌండ్ ఇంజనీరుగా పనిచేస్తూ ఆయన సంగీతం రాసేవారు. 1968లో 'క్రెడో' అనే రచనలో క్రీస్తు మీద విశ్వాసం ప్రకటించే మాటలు వాడారు. మతం పేరెత్తితేనే అధికారులు మండిపడే రోజులవి. ఆ రచన మళ్ళీ వినిపించకుండా నిషేధించారు. ఆ తర్వాత దాదాపు ఎనిమిదేళ్ళు ఒకటి రెండు రచనలు తప్ప పేర్ట్ నుంచి ఏమీ రాలేదు. సినిమాలకు నేపథ్య సంగీతం రాసి కుటుంబాన్ని పోషించుకున్నారు. ప్రాచీన చర్చి గానాన్ని మొదటి నుంచి నేర్చుకున్నారు.

1976లో ఆయన మళ్ళీ కలం పట్టేసరికి సంగీతం పూర్తిగా మారిపోయింది. ఒక గొంతు స్వరాల మీద మెట్టు తర్వాత మెట్టుగా నడుస్తుంది. రెండో గొంతు మన స, గ, ప లాంటి మూడు స్వరాలను మాత్రమే పట్టుకుని దాని పక్కనే మోగుతుంది. గుడిగంట కొట్టాక నాదం చాలాసేపు గాలిలో నిలిచినట్టు ఉంటుంది. పేర్ట్ కూడా ఈ పద్ధతికి చిరుగంటల మోత అని అర్థం వచ్చే లాటిన్ పేరే పెట్టారు.

'సంగీతం ఎక్కడుంది?'

ఈ పద్ధతిలో రాసిన 'తబులా రాసా' 1977లో ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో తొలిసారి వినిపించింది. తుడిచిన పలక అని ఆ పేరుకు అర్థం. కాగితం మీద ఉన్న కొద్దిపాటి స్వరాలను చూసి, ఇందులో సంగీతం ఎక్కడుందని వాద్యగాళ్ళు అడిగారట. తీరా వాయించాక మహా అందంగా వచ్చిందని పేర్ట్ చెప్పారు. రెండు వయొలిన్లు, తీగల మధ్య మరలు బిగించిన పియానో, తంత్రీవాద్యాల బృందం దీన్ని వాయిస్తాయి. రెండో భాగం పేరు 'నిశ్శబ్దం'. వయొలిన్లు తప్పుకున్నాక స్వరాలు కిందికి దిగుతూ దిగుతూ బరువైన వాద్యాల దగ్గరికి చేరి, ఆఖరి మెట్టు పలకకుండానే ఆగిపోతాయి. ఆ మెట్టు వినేవాడి మనసులోనే మోగాలి.

1980 జనవరిలో పేర్ట్ భార్యాబిడ్డలతో దేశం విడిచారు. సామాను ఏడు పెట్టెలు. వాటి నిండా రాతప్రతులూ, రికార్డులూ, టేపులే. సరిహద్దున బ్రెస్ట్ స్టేషన్‌లో పోలీసులు పెట్టెలు విప్పి, ఏముందో వినిపించమన్నారు. నిర్మానుష్యంగా ఉన్న ఆ పెద్ద స్టేషన్‌లో పేర్ట్ తన రికార్డులు పెట్టారు. విన్న పోలీసులు మెత్తబడి స్నేహంగా మాట్లాడారని ఆయన తర్వాత ఒక ఇంటర్వ్యూలో గుర్తు చేసుకున్నారు.

1984లో ఇ.సి.ఎం. రాసి ఉన్న సంగీతం కోసమే 'న్యూ సిరీస్' అనే కొత్త వరుస మొదలుపెట్టింది. దానిలో తొలి రికార్డు 'తబులా రాసా'. గిడాన్ క్రెమర్, తాత్యానా గ్రిండెంకో వయొలిన్ వాయించగా, స్వయంగా గొప్ప స్వరకర్త అయిన ఆల్ఫ్రెడ్ ష్నిట్కె పియానో దగ్గర కూర్చున్నారు. 1977లో జర్మన్ రేడియో బాన్‌లో చేసిన రికార్డింగు అది. మరో రచనలో క్రెమర్‌కు తోడుగా కీత్ జారెట్ వాయించారు. అప్పటివరకు పాశ్చాత్య దేశాల్లో కొద్దిమందికే తెలిసిన పేర్ట్ పేరు ఈ ఒక్క రికార్డుతో లోకానికి పరిచయమైంది.

విమర్శకులు ఒకరి తర్వాత ఒకరు దీన్ని కొనియాడారు. అంతకు మించిన మన్నన మరోచోట దక్కింది. న్యూయార్క్‌లో ఎయిడ్స్ వ్యాధికి మందు లేని ఆ రోజుల్లో, రోగులకు సేవ చేసిన ఒక స్వచ్ఛంద కార్యకర్త వారికి ఈ రికార్డు వినిపించారు. చావుకు దగ్గరైనవారు దీన్నే మళ్ళీ మళ్ళీ అడిగేవారు. 'న్యూయార్కర్' పత్రిక సంగీత విమర్శకుడు అలెక్స్ రాస్ ఈ సంగతి తన వ్యాసంలో రాశారు.

అక్షింతలూ పడ్డాయి

అందరూ మెచ్చారని కాదు. ఇది మరీ తేలిక సంగీతమని, భక్తి ముసుగు వేసుకుందని ఎద్దేవా చేసినవారున్నారు. కంపెనీ రికార్డులన్నీ ఖాళీ చర్చిలో వాయించినట్టు ఒకే గుంయిమనే ధ్వనితో ఉంటాయని మరికొందరు విసుక్కున్నారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఆ ఖాళీయే తమకు కావలసిందని అభిమానుల వాదన. ఐషర్ మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు. 2002లో ఉత్తమ శాస్త్రీయ సంగీత నిర్మాతగా ఆయనకు గ్రామీ బహుమతి వచ్చింది. హంగరీ సంప్రదాయం నుంచి వచ్చిన కుర్తాగ్, లిగెతి రచనలను వయోలా మీద వాయించిన కిమ్ కష్కషియాన్‌కు 2013లో గ్రామీ దక్కింది. ఆ రికార్డూ ఈ కంపెనీదే.

మన సంగీతానికీ ఇందులో చోటు దొరికింది. ఎల్. శంకర్ వయొలిన్ మీద వాయించిన రాగం తానం పల్లవిని ఇ.సి.ఎం. 1980లో రికార్డు చేసింది. మృదంగం ఉమయాళ్‌పురం శివరామన్, తబలా జాకిర్ హుస్సేన్. పల్లవిని ముక్కలు చేసి నాలుగు నిమిషాలకు కుదించమని వారిని ఎవరూ అడగలేదు. రికార్డు ఒక వైపంతా దానికే ఇచ్చారు.

ఇప్పటికి ఈ కంపెనీ 1,600కు పైగా రికార్డులు తెచ్చింది. పంపిణీ పెద్ద కంపెనీల చేతుల మీదుగా జరిగినా, ఏది రికార్డు చేయాలన్న నిర్ణయం మాత్రం ఐషర్ చేతిలోనే ఉంటూ వచ్చింది. పేర్ట్‌తో అనుబంధమూ తెగలేదు. 2023లో కూడా ఆయన రచనలతో 'ట్రాక్టస్' అనే ఆల్బమ్ వచ్చింది. 1991లో స్వాతంత్ర్యం తిరిగి పొందిన ఎస్టోనియాకు పేర్ట్ చేరుకున్నారు. 2025లో ఆయనకు 90 ఏళ్ళు నిండాయి. ఒకప్పుడు ఆయన రచనను నిషేధించిన ఆ నేల మీదనే, లౌలస్మా గ్రామంలో 2018లో తెరిచిన కేంద్రంలో ఆయన రాతప్రతులన్నీ భద్రపరిచారు.

2017 నవంబరు నుంచి ఇ.సి.ఎం. రికార్డులు ఫోనులోనూ వినే వీలు కలిగింది. ముందు జనం వినడమే ముఖ్యమని కంపెనీ అప్పుడు ప్రకటించింది. ఈ కంపెనీ ఆల్బమ్‌లు చాలావాటిలో మొదటి ఐదు సెకన్లు ఏమీ వినిపించదు. ఫోను చెడిపోయిందని కంగారు పడి ఆపేయనక్కరలేదు. ఆ నిశ్శబ్దం కావాలని పెట్టిందే.