బోరు నీటిలో పచ్చని అక్వేరియం

అంగడిలో అక్వేరియం చేపను ఎంచుకునేవారు రంగు చూస్తారు, ధర అడుగుతారు. ఇంట్లో వాడుకలో ఉన్నది ఏ నీరు అన్న ఆలోచన అరుదుగా వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో మొదట తేల్చుకోవలసినది అదే. గ్రానైటు, నైస్ శిలల పగుళ్ళలో నిలిచిన ఇక్కడి భూగర్భజలంలో బైకార్బొనేట్లు అధికం, క్షారగుణం సాధారణం. ఇక ఫ్లోరైడ్ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. పటిక, సున్నం కలిపి దానిని తొలగించే విధానం ‘నల్లగొండ పద్ధతి’గానే శాస్త్రలోకానికి పరిచయం. ఇటువంటి నీటి స్వభావాన్ని మార్చాలని పూనుకుంటే వారం వారం శ్రమ, ఖర్చు తప్పవు. నేలను బట్టి పైరును ఎంచుకున్నట్లే నీటిని బట్టి మొక్కను, చేపను ఎంచుకుంటే ఆ శ్రమలో అధికభాగం తగ్గుతుంది.

నీటి ఉదజని సూచిక 8 దాటినప్పుడు కరిగిన కార్బన్ డైఆక్సైడ్ స్వల్పంగా మిగులుతుంది. కర్బనం ప్రధానంగా బైకార్బొనేట్ రూపంలో ఉంటుంది. హైడ్రిల్లా, వల్లిస్నేరియా, సెరటోఫిల్లం మొక్కలు ఆ బైకార్బొనేట్‌ను కూడా కిరణజన్య సంయోగక్రియకు వినియోగించుకోగలవు. కాబోంబాకు ఆ శక్తి లేదు. దుకాణంలో అందంగా కనిపించిన కాబోంబా ఇంటికి వచ్చాక కుళ్ళిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. తగిన మొక్కలు నాటినవారికి కార్బన్ డైఆక్సైడ్ సిలిండరుతో పని లేదు.

పోషకాల విషయంలో వరి మడి ఉదాహరణ చాలు. క్షార నేలల్లో వేరుశనగ ఇనుపధాతు లోపంతో పసుపు బారుతుంది. అదే నేలను నీట ముంచి దమ్ము చేస్తే ఆక్సిజన్ తగ్గి, ఇనుము ఫెర్రస్ రూపంలోకి మారి వేళ్ళకు అందుతుంది. అక్వేరియం అడుగున పరచిన ఎర్రని చల్కా మట్టిలోనూ జరిగేది ఇదే. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో వెలువరించిన గ్రంథంతో మట్టి పరచిన అక్వేరియాలకు ప్రపంచమంతటా ఆదరణ పెరిగింది. వరి పండించే ప్రాంతాల వారికి అందులోని రసాయన సూత్రం కొత్తది కాదు.

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. ఎత్తు గల తొట్టి ఇంటికి సరిపోతుంది. మట్టి పోగా అందులో సుమారు 50 లీటర్ల నీరు పడుతుంది. అడుగున 2.5 సెం.మీ. జల్లించిన మట్టి, దానిపై 3 సెం.మీ. కడిగిన ముతక ఇసుక వేయాలి. మట్టి ఇంతకు మించితే కుళ్ళి, దుర్వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడుతుంది. పశువుల ఎరువు, యూరియా వేసిన మట్టి పనికిరాదు. పత్తి చేను మట్టిని అసలే తేరాదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు అతి స్వల్ప మోతాదులోనే చేపలను చంపుతాయి. చెరువు నుండి తెచ్చిన మొక్కలను లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంలో పది నిమిషాలు ఉంచి, కడిగి, మొదటి రోజే ఒత్తుగా నాటాలి. ఎల్.ఇ.డి. దీపం రోజుకు ఎనిమిది గంటలు చాలు. చేపలను నాలుగు వారాల తరువాతనే వదలాలి.

ఈ నాలుగు వారాల నిరీక్షణను చాలామంది పాటించరు. నష్టం అక్కడే జరుగుతుంది. చేపల విసర్జితాల నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉన్న నీటిలో దానిలో సుమారు 0.8 శాతం మాత్రమే విషపూరితమైన వాయురూపంలో ఉంటుంది; సూచిక 8.5 అయితే ఆ వాటా సుమారు 20 శాతానికి చేరుతుంది. క్షార నేలపై చల్లిన యూరియా నుండి అమ్మోనియా ఆవిరైపోవడం వెనుక ఉన్న సమతాస్థితే ఇది. పైగా బైకార్బొనేట్ వాడుకునే మొక్కలు మధ్యాహ్నానికి ఉదజని సూచికను ఇంకా పెంచుతాయి. అంటే ఈ నీటికి తగినదని ఎంచుకున్న మొక్కే ఒక పూట ప్రమాదాన్ని కొంత పెంచుతుంది. మొక్కలు స్థిరపడి అమ్మోనియాను పీల్చుకునే స్థితికి వచ్చాక, 50 లీటర్లకు ఆరేడు గప్పీ మగచేపలకు మించకుండా వదిలితే ఈ చిక్కు అదుపులో ఉంటుంది. గప్పీలు క్షార జలాన్ని ఇష్టపడతాయి. ఆడచేపలను కలిపితే సంతతి పెరిగి లెక్క తప్పుతుంది.

ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువ. చేపలపై ఫ్లోరైడ్ ప్రభావం కాల్షియం పెరిగేకొద్దీ తగ్గుతుంది కనుక కాల్షియం చేర్చడం మేలు. అందుకు కొందరు సున్నపురాయి ముక్కలు వేస్తారు. బైకార్బొనేట్‌తో నిండిన క్షార జలంలో అవి దాదాపు కరగవు. జిప్సం కరుగుతుంది. 50 లీటర్లకు 5 గ్రాముల స్వచ్ఛమైన జిప్సం వేస్తే లీటరుకు సుమారు 23 మి.గ్రా. కాల్షియం చేరుతుంది. ఎరువుల కర్మాగారాల నుండి వచ్చే ఫాస్ఫోజిప్సంలో ఫ్లోరైడ్ మలినాలు ఉంటాయి, దానిని వాడరాదు.

వేసవిలో తొట్టి నీరు వేగంగా ఆవిరవుతుంది, లవణాలు మాత్రం అక్కడే ఉండిపోతాయి. తగ్గినంత బోరు నీటినే తిరిగి పోస్తూ ఉంటే, మురుగు వసతి లేని పొలం చౌడు బారినట్లే తొట్టి కూడా ఉప్పెక్కుతుంది. ఊరూరా దొరికే ఆర్.ఓ. నీరు ఇక్కడ పనికివస్తుంది. ఆరంభంలో నింపడానికి అది తగదు, ఖనిజాలు ఉండవు. ఆవిరైన నీటికి బదులు పోయడానికి మాత్రం అదే మేలు. వాన నీరు పట్టుకున్నవారికి అదీ అక్కరలేదు. నెలకు ఒకసారి నాలుగోవంతు నీటిని తీసి, బోరు నీటితో భర్తీ చేయాలి. నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీటిని వాడితే ఒక రోజు వెడల్పాటి పాత్రలో నిలువ ఉంచి, క్లోరిన్ పోయిన తరువాతనే పోయాలి. రేకుల కప్పు కింద, పడమటి గోడ పక్కన తొట్టిని పెట్టరాదు. నీరు వేడెక్కితే కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది. రాత్రివేళ మొక్కలు కూడా దానినే వాడుకుంటాయి. చిన్న గాలి పంపు రాత్రంతా నడవడం మంచిది. దోమల మందు యంత్రాన్ని ఆ గదిలో వాడకూడదు. వాటిలో చాలావరకు పైరిథ్రాయిడ్లే ఉంటాయి.

నాచు తింటుందని చెప్పి అమ్మే సక్కర్ చేపను కొనకపోవడమే ఉత్తమం. అది అడుగుకు మించి పెరిగి చిన్న తొట్టిలో ఇమడదు. అప్పుడు యజమాని దానిని చెరువులోనో కాలువలోనో వదులుతాడు. తెలుగు రాష్ట్రాల జలాశయాలలో ‘దెయ్యం చేప’గా పేరుపడి, ముళ్ళతో జాలర్ల వలలు చింపుతున్నది ఈ జాతే. గప్పీలనైనా, కత్తిరించిన మొక్కలనైనా చెరువు పాలు చేయకూడదు. అదనపు చేపలను తిరిగి దుకాణానికో, అక్వేరియం ఉన్న మరొకరికో ఇవ్వవచ్చు. మొక్కల కత్తిరింపులను ఎండబెట్టి పెరటి కుండీలలో వేస్తే మంచి ఎరువవుతుంది.