కూరగాయలు కొండెక్కిన వేళ పెరటి పాదే ఆదరువు

మదనపల్లె ప్రాంతం: కూరగాయల ధరలు పెరిగినప్పుడల్లా పట్నవాసుల యిబ్బందులే పత్రికల కెక్కుతుంటాయి. పల్లెవాళ్ళకేం, పొలంలో పండినవి కోసుకు తింటారని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. టమాటా తోటలున్న ఊళ్ళలోకే పొద్దున్నే మైకు పెట్టుకుని కూరగాయల ఆటో వస్తుంది. ఆ ఊరి పొలంలో కోసిన కాయ మదనపల్లె మార్కెట్ యార్డుకు వెళ్ళి, మండీలో వేలానికి వచ్చి, టోకు వ్యాపారి నుంచి చిల్లర వ్యాపారికి చేరి, చివరకు అదే ఊరి వీధిలో అమ్ముడవుతున్నది. కమీషను, హమాలీ కూలి, ఆటో కిరాయి అన్నీ కొన్నవాళ్ళ నెత్తినే.

2023 జూలై నెలాఖరులో మదనపల్లెలో మేలురకం టమాటా కిలో 200 రూపాయల దాకా పలికింది. ప్రభుత్వం రైతు బజార్లలో 50 రూపాయలకే అమ్మించిన మాట నిజమే. అయితే రైతు బజార్లున్నవి పట్నాలలో. అక్కడికి పోయి వరసలో నిలబడితే కూలివాళ్ళకు ఒక పూట పని పోయినట్టే గదా! సెప్టెంబరు వచ్చేసరికి అదే టమాటా ధర కుప్పకూలి, ఈసారి రైతు ఉసూరుమన్నాడు.

ధర పెరిగితే కలిగినవాళ్ళు కిలో కొనేచోట అరకిలో కొంటారు. కూలి కుటుంబాలలో కూరే మానేస్తారు. గొడ్డుకారం, నీళ్ళ మజ్జిగతో పూట గడుస్తుంది. వండిన కాస్త కూర మగవాళ్ళకూ పిల్లలకూ వడ్డించాక గిన్నె తుడుచుకు తినేది ఆడవాళ్ళు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలోని 15-49 యేళ్ళ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో వున్నట్టు తేలింది. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. నలుగురున్న యింటికి లెక్క వేస్తే కిలో 600 గ్రాములు. కిలో 40 రూపాయలే అనుకున్నా రోజుకు 64, నెలకు 1,920 రూపాయలు. అన్నీ కొని తినాలంటే కూలి డబ్బులు చాలే పని కాదు.

మంచమంత మడి చాలు

వెనుకటి రోజుల్లో పెరట్లో సొరపాదు లేని యిల్లు తక్కువ. యిప్పుడు ఆ చోట సిమెంటు వచ్చింది. మంచం పట్టేంత మడి వుంటే తోటకూర, పాలకూర చల్లుకోవచ్చు. 25-30 రోజుల్లో కోతకు వస్తాయి. విత్తనమంతా ఒకేసారి చల్లేస్తే ఒక వారం తిని తర్వాత చూస్తూ కూర్చోవాలి. మడిని మూడు భాగాలు చేసి పది రోజుల కొకటి చల్లితే కోత తెగదు. గోంగూర కొమ్మలు కోసేకొద్దీ చిగురిస్తుంది. తొలకరికి పెట్టిన బీర, కాకర రెండు నెలల్లోపే కాపుకు వస్తాయి. సొరతీగ యింటి కప్పు మీదికి పాకుతుంది కనుక దానికి చోటు అక్కరలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు పాదుకు పోస్తే సరిపోతుంది. సబ్బు నీళ్ళను మాత్రం ఆకుకూరల మడిలోకి పోనీయరాదు. పేనుబంకకు పొయ్యి బూడిద చల్లడం అందరికీ తెలిసిందే. అసలు శత్రువులు కోళ్ళు, మేకలు. చుట్టూ ముళ్ళకంప వేయనిదే ఆకు దక్కదు.

చోటేదీ అని అడిగేవాళ్ళూ వున్నారు. 2020 తర్వాత పల్లెల్లో పేదలకిచ్చిన యింటిపట్టా సెంటున్నర. అంటే 72 గజాలు. యిల్లు కట్టాక పెరడు మిగలదు. పట్టాలిచ్చేటప్పుడు ఒక పాదుకైనా చోటు ఆలోచించి వుండవలసింది. అలాంటివాళ్ళకు గోడవారగా ఒక సొరపాదు, నూనె డబ్బాల్లో పుదీన, కొత్తిమీర, వీధివైపు ఒక మునగచెట్టు దారి. కాయలున్నా లేకున్నా మునగాకు కూరకు పనికివస్తుంది.

ధర పడినప్పుడు వరుగులు

టమాటా ధర పడిపోయినప్పుడు ఎండ కాసే వారం చూసి వరుగులు పెట్టుకోవాలి. కాయల్ని చక్రాలుగా కోసి ఉప్పు చల్లి, పలుచని గుడ్డ కప్పి ఎండబెట్టాలి. మంచు తగలకుండా రాత్రి లోపల పెట్టాలి. కిలో టమాటాలో 900 గ్రాములకు పైగా నీరే, ఎండితే గుప్పెడు మిగులుతుంది. తడిలేని డబ్బాలో బిగించి దాస్తే ధర మండే రోజుల్లో పప్పులోకి, పులుసులోకి వస్తుంది. మటికాయలు (గోరుచిక్కుళ్ళు), వంకాయలు, కాకరకాయలు కూడా యిలాగే. టమాటా లేకపోతే వంట సాగదన్న అలవాటు యిటీవలిదే. పులుపుకు చింతపండు, చింతచిగురు, మామిడి ఒరుగు వుండనే వున్నాయి.

కొనక తప్పని వాటికి వారపు సంతే మేలు. చీకటి పడబోయే ముందు అమ్మేవాళ్ళు సరుకు తిరిగి మోసుకుపోలేక ధర తగ్గిస్తారు. అయితే కుప్పల లెక్కన గాక తూకం వేయించుకోవాలి, కుప్ప అడుగున మెత్తబడ్డవి వుంటాయి. పక్క పొలంలో కోత జరిగేనాడు నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒక పెట్టె టమాటాలు రైతు దగ్గరే కొంటే మండీ ధరకే దొరుకుతాయి. రైతుకు కమీషను, కిరాయి మిగులుతాయి. మనూళ్ళలో యిది ఎందుకు జరగడం లేదో తెలియదు, బహుశా అడగడానికి మొహమాటం.

విత్తనం సంగతి ఒకటుంది. హైబ్రిడ్ కాయ గింజలు దాచి వేస్తే మరుసటి యేడు అదే రకం కాపు రాదు. నాటురకం సొర, బీర పాదుల్లో తొలి కాపులోని మంచి కాయ నొకదాన్ని కోయకుండా తీగమీదే ఎండనిచ్చి, గింజలు బూడిదలో కలిపి దాచుకోవాలి. ఒక్క కాయ గింజలు వీధంతటికీ సరిపోతాయి.