రాగి, ఇనుము కొరవడితే

జంతువు ఒంట్లోని ఇనుములో సింహభాగం హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. అందుకే ఇనుము లోపం అనగానే రక్తహీనత ఒక్కటే గుర్తుకొస్తుంది. కణజాలాల్లోని ఎంజైములకు దక్కేది కొద్దిపాటి ఇనుమే. అయినా ఆహారం నుంచి శక్తిని రాబట్టే పనికి అదే ఆధారం.

ఈ సంగతిని 1976లో ఎలుకల మీద జరిగిన ఒక ప్రయోగం తేటతెల్లం చేసింది. ఇనుము లేని మేతతో పెంచిన ఎలుకలకు రక్తమార్పిడి చేసి, హిమోగ్లోబిన్‌ను మామూలు ఎలుకలతో సమానం చేశారు. అయినా అవి ఎక్కువసేపు పరుగెత్తలేకపోయాయి. రక్తం బాగుపడింది గానీ, కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు ఇనుము అందలేదు మరి.

లోటు అన్ని అవయవాల్లో ఒకేలా ఉండదు. ఎదిగే ఎలుకల కండరాల్లో సైటోక్రోమ్ సి అనే ఇనుము ప్రోటీన్ బాగా పడిపోతుంది, మెదడులో తక్కువగా తగ్గుతుంది. పేగు లోపలి పొర కణాలు కొద్ది రోజులకే రాలిపోయి కొత్తవి వస్తుంటాయి కాబట్టి, ఇనుము ఇచ్చిన వెంటనే అక్కడి ఎంజైములు కోలుకుంటాయి. కండరం అలా కాదు, నిదానంగా కోలుకుంటుంది. పందిపిల్లల్లో ఈ లోపం మరీ త్వరగా కనిపిస్తుంది. వాటికి రోజుకు సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, తల్లిపాలలో దొరికేది 1 మిల్లీగ్రామే. పుట్టిన మూడో రోజుకల్లా ఇనుము ఇంజెక్షన్ ఇచ్చేది ఇందుకే.

రాగి కథ ఇంతకన్నా చిక్కైనది. పాలు మాత్రమే తాగించి పెంచిన ఎలుకల రక్తహీనత ఇనుము ఒక్కటే ఇస్తే నయం కాలేదనీ, రాగి కూడా కలపాల్సి వచ్చిందనీ 1928లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చూపారు. ఇనుమును నిల్వల నుంచి కదిలించి రక్తంలోకి పంపడానికి సెరులోప్లాస్మిన్ అనే రాగి ఎంజైము కావాలి. అది లేకపోతే కాలేయంలో ఇనుము పేరుకుపోతుంది, రక్తం మాత్రం పలచబడుతుంది. ఇల్లంతా ధాన్యం ఉన్నా వంట కానట్టన్నమాట! కణ శ్వాసలో ఆఖరి మెట్టయిన సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌లోనైతే రెండు లోహాలూ పక్కపక్కనే ఉంటాయి.

కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులను ముడివేసే లైసిల్ ఆక్సిడేజ్‌కూ రాగే కావాలి. అది తగ్గితే కోడిపిల్లల్లో, పందుల్లో బృహద్ధమని చిట్లిపోవచ్చు. రంగునిచ్చే టైరోసినేజ్ మందగిస్తే నల్లగొర్రె ఉన్నిలో తెల్లచారలు పడతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెపిల్లలు వెనుక కాళ్లు తడబడి కూలిపోయే జబ్బుకు రాగి లోపమే కారణమని బెన్నెట్స్, చాప్‌మన్ 1937లో తేల్చారు. అలాంటి గొర్రెపిల్లల మెదడులో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ తక్కువగా ఉన్నట్టు తర్వాత తెలిసింది.

మేతలో రాగి ఉన్నంత మాత్రాన సరిపోదు. మాలిబ్డినం, గంధకం ఎక్కువైతే నెమరువేసే పశువుల పెద్దపొట్టలోనే అవి రాగిని పట్టేసి ఒంటికి అందనివ్వవు. అలాగని ఎడాపెడా రాగి పెట్టడమూ ప్రమాదమే. గొర్రె కాలేయం అదనపు రాగిని దాచుకుంటూ పోయి, ఒక్కసారిగా రక్తంలోకి వదిలితే ఎర్రకణాలు పగిలి గొర్రె చచ్చిపోతుంది. అందుకే ఆవుల కోసం కలిపిన ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకూడదు.