పన్నెండేళ్ల తర్వాత మళ్ళీ రాకెట్ పట్టిన కిమికో దాతే



ఈసారి గోడపత్రికలో ఆటల పేజీ నా వంతు వచ్చింది. అందరూ క్రికెట్ గురించే రాస్తారు కదా అని నేను టెన్నిస్ తీసుకున్నాను. జపాన్ దేశపు క్రీడాకారిణి కిమికో దాతే గురించి రాస్తున్నాను. దాతే అంటే దానం చేసే దాత కాదు, అది ఆమె ఇంటిపేరు. జపాన్ వాళ్లు కూడా మనలాగే ఇంటిపేరు ముందు చెప్తారు, దాతే కిమికో అని.

ఆమె 1970 సెప్టెంబర్ 28న క్యోటో నగరంలో పుట్టింది. పుట్టుకతో ఎడమచేతి వాటం, కానీ రాకెట్ కుడిచేత్తో పడుతుంది. ఎత్తు 163 సెంటీమీటర్లే. 1989లో ప్రొఫెషనల్ అయింది, అంటే ఆటే ఆమెకు బతుకుతెరువు అయిందన్నమాట.

ఆమె ఆట ఎట్లాంటిదో ముందు చెప్పాలి. మనం గ్రౌండులో ఆడే రింగు ఆటలో రింగును కింద పడకుండా పట్టుకోవాలి. టెన్నిస్‌లో బంతి మన వైపు ఒకసారి నేలకు తగలొచ్చు, రెండోసారి తగిలితే పాయింటు పోయినట్టే. తగిలిన బంతి పైకి లేచి, ఒక ఎత్తుకు వచ్చి, మళ్ళీ దిగుతుంది. చాలామంది అది బాగా లేచేదాకా ఆగి కొడతారు. దాతే ఆగదు, లేస్తుండగానే కొట్టేస్తుంది. అప్పటికి ఎదుటివాళ్లు కొట్టిన వేగం బంతిలో ఇంకా ఉంటుంది, ఆ వేగాన్నే వాళ్ల మీదికి తిప్పి పంపుతుంది. కాబట్టి సొంత బలం తక్కువ ఖర్చవుతుంది. పైగా ఎదుటి మనిషి తన చోటుకి వచ్చి నిలబడకముందే బంతి వచ్చేస్తుంది. అయితే ఇది చాలా కష్టం. కన్ను చురుగ్గా ఉండాలి, అర క్షణం తప్పినా బంతి ఎక్కడికో పోతుంది.

ఈ ఆటతోనే 1994లో ఆస్ట్రేలియన్ ఓపెన్ సెమీఫైనల్‌కి వచ్చింది. ప్రపంచంలో మొదటి పదిమందిలో చేరిన మొదటి జపాన్ మహిళ ఆమే. 1995లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్ ఆడి, ఆ నవంబర్‌లో నాలుగో ర్యాంకు తెచ్చుకుంది. 1996 ఏప్రిల్‌లో టోక్యోలో జర్మనీ దేశపు స్టెఫీ గ్రాఫ్‌ని 7-6, 3-6, 12-10తో ఓడించింది. చివరి సెట్టులోనే 22 గేములు! గ్రాఫ్‌ని ఓడించడమంటే అప్పట్లో మాటలు కాదు. ఆ సంవత్సరమే వింబుల్డన్ సెమీఫైనల్‌లో మళ్ళీ ఇద్దరూ తలపడ్డారు. చెరొక సెట్టు గెలిచేసరికి చీకటి పడింది. మర్నాడు మిగిలింది ఆడితే గ్రాఫ్ గెలిచింది.

ఆ ఏడాది చివర్లోనే దాతే ఆట మానేసింది. 26 ఏళ్లే. దేశాలు తిరిగి తిరిగి విసిగిపోయింది. తర్వాత పిల్లలకు టెన్నిస్ నేర్పింది, పెళ్లి చేసుకుంది, 2004లో లండన్ మారథాన్ 42 కిలోమీటర్లు పరుగెత్తింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మన హాస్టల్లో ఒక అక్క రెండేళ్లు ఇంటిదగ్గర ఉండిపోయి, మళ్ళీ వచ్చి మాతోపాటు తొమ్మిదిలో కూర్చుంది. మొదటి రోజు ప్రేయర్ లైన్లో కొందరు "ఈమె టీచరా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. అక్క వినింది. దాతే సంగతి చదువుతుంటే నాకు అదే గుర్తుకొచ్చింది.

ఎందుకంటే 2008లో, 37 ఏళ్ల వయసులో, దాతే తిరిగి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ర్యాంకు ఉండదు. నాలుగో ర్యాంకు తెచ్చుకున్న మనిషి గిఫు అనే ఊళ్లో చిన్న టోర్నమెంటుకు వెళ్లి, కొత్తవాళ్లతో కలిసి క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడింది. అక్కడినుంచి ఫైనల్‌దాకా పోయింది. డబుల్స్‌లో ఆమె జోడీ కురుమి నారా వయసు 16. ఆ ఇద్దరూ డబుల్స్ గెలిచారు.

2009లో కొరియా రాజధాని సియోల్‌లో టైటిల్ గెలిచింది. మర్నాడే ఆమెకు 39 నిండాయి. 2011 వింబుల్డన్‌లో వీనస్ విలియమ్స్‌తో దాదాపు మూడు గంటలు ఆడి, మూడో సెట్టు 8-6తో పోగొట్టుకుంది. ఓడినా అది నాకు చాలా ఇష్టమైన మ్యాచ్. 2013 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 12వ సీడ్ పెట్రోవాను 6-2, 6-0తో ఓడించేటప్పటికి ఆమెకు 42 ఏళ్లు. మా అమ్మకంటే పెద్దది!

తర్వాత మోకాలు చెడింది. 2016లో రెండుసార్లు ఆపరేషన్ అయింది. మళ్ళీ వచ్చింది గానీ నొప్పులు వదల్లేదు. 2017 సెప్టెంబర్‌లో టోక్యోలో చివరి మ్యాచ్ సెర్బియా అమ్మాయి క్రూనిచ్‌తో ఆడి 6-0, 6-0తో ఓడిపోయింది. ఒక్క గేము కూడా రాలేదు. అప్పుడు దాతే వయసు 46, క్రూనిచ్ వయసు 24. ఆ అమ్మాయి పుట్టేనాటికే దాతే ప్రొఫెషనల్ అయి నాలుగేళ్లు.

– 9వ తరగతి విద్యార్థిని