పటం కట్టించే ముందు చుక్కలు లెక్క చూడండి

ఇంటి పెద్ద కాలం చేశారు. పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. ఇల్లంతా వెదికినా విడి ఫొటో ఒక్కటీ దొరకదు. ఎప్పుడో మనవరాలి పెళ్లిలో తీసిన గుంపు ఫొటో ఎవరి ఫోనులోనో ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో తెప్పించి స్టూడియోకి పరుగెత్తుతారు. మర్నాడు పటం చేతికొస్తుంది. చూస్తే ముఖమంతా మసక. కళ్లెక్కడో తెలియదు. ప్రింటరు మంచిది కాదంటూ స్టూడియో అతనితో తగువు.

పల్లెల్లో తరచు జరిగే తంతే ఇది. చాలాసార్లు తప్పు ప్రింటరుది కాదు.

నారు చాలని మడి

ఫోనులోని ఫొటో అంటే సన్నని రంగు చుక్కల వరుసలే. వాటినే పిక్సెళ్లంటారు. 12 మెగాపిక్సెళ్ల ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుంటాయి. అంటే మొత్తం కోటీ 20 లక్షలు. ఫొటో తీసిననాడే ఈ సంఖ్య ఖాయమైపోతుంది. పటం పెద్దది చేస్తే చుక్కలు పెరగవు, పలచబడతాయి. ఎకరానికి సరిపడే నారును నాలుగెకరాల్లో నాటినట్టే!

చేతిలో పట్టుకుని చూసే ఫొటోకి అంగుళానికి 300 చుక్కలుంటే స్పష్టంగా వస్తుంది. 4×6 అంగుళాల ఫొటోకి 1,200×1,800 చుక్కలు, 8×10కి 2,400×3,000 చుక్కలు కావాలి. గోడమీద దూరం నుంచి చూసే పటానికి అంగుళానికి 150 ఉన్నా సరిపోతుంది.

ఇప్పుడు గుంపు ఫొటో లెక్క చూద్దాం. అసలు ఫొటోలో తాతగారి ముఖం, భుజాలు కలిపి 500×625 చుక్కలున్నాయనుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది. 4,000 చుక్కల పొడుగు తరచు 1,600కి దిగుతుంది. అప్పుడు తాతగారికి మిగిలేవి 200×250 చుక్కలే. వాటిని 8×10 పటానికి సాగదీస్తే అంగుళానికి 25! ఇక కళ్లెలా కనిపిస్తాయి?

ప్రింటరు అంకెలు వేరు

ప్రింటరు పెట్టెమీద 5,760×1,440 వంటి పెద్ద అంకెలుంటాయి. అవి ఫొటో చుక్కలు కావు, అంగుళంలో సిరా బొట్లు ఎంత దగ్గరగా పడగలవో చెప్పే లెక్క. ఇంక్‌జెట్ ప్రింటర్లలో సాధారణంగా నీలం, గులాబీ, పసుపు, నలుపు సిరాలుంటాయి. చామనచాయ రావాలంటే ఈ రంగుల బొట్లు పక్కపక్కన చల్లాలి. ఫొటోలోని ఒక్క చుక్కకే ఎన్నో బొట్లు పడతాయి. కనుక ఆ అంకె పెద్దదైతే రంగులు నునుపుగా కలుస్తాయి. అంతేగాని ఫొటోలో లేని కనుబొమను ప్రింటరు తెచ్చి పెట్టలేదు.

కాగితం సంగతీ చూడాలి. మామూలు కాగితం సిరాను పీల్చుకుంటుంది, బొట్టు పాకుతుంది. ఫొటో కాగితం మీది పూత బొట్టును పడ్డచోటే నిలుపుతుంది.

ఏం చేయాలి?

ఫొటో తీసినవారి ఫోనులోని అసలు ఫొటోనే అడగండి. వాట్సాప్‌లో అయితే ‘డాక్యుమెంట్’గా పంపమనండి. 2023లో వచ్చిన హెచ్‌డీ పద్ధతి కొంత నయమే గాని అసలుకు సాటి రాదు.

పాత కాగితం ఫొటో ఉంటే దాన్ని ఫోనుతో ఫొటో తీయకండి. స్టూడియోలో అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించండి.

చుక్కలు తక్కువైతే పటం చిన్నది చేయించండి. పైన చెప్పిన తాతగారి అసలు ఫొటో 8×10కి చాలకున్నా, 4×5కి అంగుళానికి 125 చుక్కలతో చూడదగ్గట్టు వస్తుంది.

కంప్యూటరుతో ముఖాన్ని బాగుచేస్తామని ఇప్పుడు చాలామంది అంటున్నారు. అది వేసే కొత్త చుక్కలు ఊహించి వేసినవే. ముఖం తేటపడవచ్చు, కాని పోలిక మారిపోవచ్చు. ప్రింటు వేసేముందు ఇంట్లోవారికి ఒకసారి చూపించుకోండి.

అన్నిటికన్నా తేలిక పని ఒకటుంది. పెద్దవాళ్లు మన మధ్య ఉండగానే అరుగుమీద మంచి వెలుతురులో కూర్చోబెట్టి, దగ్గర నుంచి విడిగా ఒక ఫొటో తీసి భద్రం చేసుకోండి. ఆ పని ఈ సాయంత్రమే చేయవచ్చు.